“ఇన్నాళ్ళూ బాగానే నడిచింది కదా” అన్నది సాక్ష్యం కాదు

ఏప్రిల్ చివరి వారం దాటిందంటే విశాఖలో గేమింగ్ సిస్టంలు కట్టుకుని, ప్రాసెసరునో ర్యామ్‌నో కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువ నడిపేవాళ్ళ (ఓవర్‌క్లాక్ అంటే అదే) నోట ఒకటే ఫిర్యాదు. “డిసెంబరులో ఓవర్‌క్లాక్ చేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ వారం నుంచి ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. సెట్టింగులు మాత్రం ముట్టుకోలేదు.” ఆ తర్వాత జరిగే తతంగం కూడా అందరిదీ ఒకటే. ముందు విండోస్ మళ్ళీ ఎక్కిస్తారు, తగ్గదు. గ్రాఫిక్ కార్డు డ్రైవరు మారుస్తారు, తగ్గదు. అనుమానం సిస్టంకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదికి పోతుంది, వేలు పోసి కొత్తది కొంటారు. రెండు రోజులు బాగుండి మూడో రోజు మళ్ళీ విండోస్ పడిపోయినప్పుడు వచ్చే అదే నీలం తెర (ఇప్పటి విండోస్ 11లో నల్ల తెర). ఓవర్‌క్లాక్ తీసి చూశారా అని అడిగితే మాత్రం, “అది కాదండీ, ఇన్నాళ్ళూ బాగానే నడిచింది కదా!”

ఆ ఒక్క మాట దగ్గరే నా పేచీ. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రం అకారణంగా పడిపోతుంటే మొదటి ముద్దాయి ఓవర్‌క్లాకే. ఐదు నెలలు నడిచిందన్నది దాన్ని విడిచిపెట్టడానికి చాలదు. ఆ ఐదు నెలల్లో ఏం మారిందో చూస్తే ఎందుకు చాలదో తెలుస్తుంది.

డిసెంబరు పరీక్ష మే నెలకి చెల్లదు

క్యాబినెట్ లోపల ఏ భాగం వేడైనా గది వేడి మీద ఎక్కి కూర్చునేదే. గది 24 డిగ్రీలున్నప్పుడు ర్యామ్ 42 దగ్గర ఉందనుకోండి, అంటే గది కన్నా 18 ఎక్కువ. గది 35కి చేరితే అదే పనిలో అదే ర్యామ్ 53కి వెళ్తుంది. మన దగ్గర శీతాకాలం రాత్రి కిటికీ తెరిచి పెట్టుకుని చేసిన పరీక్షకీ, మే మధ్యాహ్నం రెండింటికి పడమటి గోడ గదిలో ఆడే ఆటకీ తేడా ఆ పదకొండు డిగ్రీలే. ఏసీ ఉన్న ఇల్లయినా, కరెంటు పోయి కంప్యూటరు ఒక్కటే ఇన్వర్టరు మీద నడుస్తుంటే గది అరగంటలో ఎక్కడికి పోతుందో ఇక్కడ బతికేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ తేడా ర్యామ్‌ని ఎలా పడగొడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటరులో దాచిన చార్జి. అది నిలవదు, కారిపోతూనే ఉంటుంది. అందుకే ర్యామ్‌ని నడిపే కంట్రోలరు మాటిమాటికీ దాన్ని రిఫ్రెష్ చేయాలి, అంటే మళ్ళీ నింపాలి. డీడీఆర్4 రకం ర్యామ్‌కి ప్రమాణం ప్రకారం సగటున 7.8 మైక్రోసెకన్లకొక రిఫ్రెష్ ఆజ్ఞ. చిప్పు 85 డిగ్రీలు దాటితే దాన్ని సగానికి, 3.9కి తగ్గించాలి. వేడి పెరిగితే చార్జి తొందరగా కారిపోతుందన్న మాట ప్రమాణంలోనే ఉంది. ఇప్పుడు ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు ఏం చేస్తారు? రిఫ్రెష్‌కి పోయే సమయం మిగుల్చుకుందామని టీఆర్‌ఈఎఫ్‌ఐ అన్న విలువను, అంటే రెండు రిఫ్రెష్‌ల మధ్య వ్యవధిని, 65535 టిక్కులకి లాగుతారు. పెట్టె మీద 3600 అని ఉన్న ర్యామ్‌కి అసలు గడియారం 1800 మెగాహెర్ట్జ్, కాబట్టి 7.8 మైక్రోసెకన్లంటే 14040 టిక్కులు. 65535 అంటే 36 మైక్రోసెకన్ల పైమాటే, మామూలు వ్యవధికి నాలుగున్నర రెట్ల పైనే. చిప్పు 40 డిగ్రీల దగ్గర ఉంటే అంతసేపూ చార్జి నిలుస్తుంది. యాభై దాటాక ఏ మూలో ఒక బలహీనమైన బిట్టు నిలవదు. అది ఆట బొమ్మలో పడితే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరికీ తెలియదు. విండోస్ గుండెకాయ కెర్నెల్‌లో పడితే నీలం తెర వస్తుంది. క్రాష్ ఇష్టం వచ్చినప్పుడు వస్తున్నట్టు కనబడేది అందుకే.

మరి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పాసయిందే అంటారు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ నాలుగు పాస్‌లు నడిపితే ఒక్క ఎర్రరూ రాలేదు. నిజమే. అయితే ఆ రాత్రంతా గ్రాఫిక్ కార్డు ఖాళీగా ఉంది. ఆట ఆడేటప్పుడు అదే కార్డు 170 వాట్లో 200 వాట్లో వేడిని ర్యామ్ పక్కనే ఊదుతుంది. మెమ్‌టెస్ట్ పాస్ అయితే చల్లటి ర్యామ్ బాగుందని తేలుతుంది, అంతవరకే. విండోస్‌లోనే నడిచే ర్యామ్ పరీక్ష టెస్ట్‌మెమ్5 ఒక పక్క, గ్రాఫిక్ కార్డుకి ఏదైనా బరువైన పని ఇంకో పక్క నడుపుతూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ర్యామ్ వేడి చూసుకుంటేనే ఆ పరీక్షకి అర్థం. డీడీఆర్5 స్టిక్కుల్లో వేడి చూపించే సెన్సరు మామూలుగా ఉంటుంది. డీడీఆర్4లో కొన్నింటికే ఉంటుంది, లేకపోతే చేత్తో తాకి చూసి ఊహించుకోవడమే.

ప్రాసెసరుదీ ఇదే సంగతి. 1.20 వోల్టుల నుంచి 1.30కి పెంచి, 4.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.7కి లాగితే కరెంటు ఖర్చు దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. వోల్టేజి వర్గాన్ని వేగంతో గుణిస్తే 1.17 ఇంటూ 1.07, అంటే 1.25. ఆ వేడి మీద దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు, పైన గది వేడి. చిప్పు 95 దగ్గర తనంతట తాను వేగం తగ్గించుకుంటుందని ధైర్యంగా ఉంటాం. కానీ అంచున కూర్చోబెట్టిన ఓవర్‌క్లాక్ 95 దాకా ఆగదు. 70 దగ్గర సరిపోయిన వోల్టేజి 82 దగ్గర సరిపోకపోవచ్చు. ఎక్కడా “ఓవర్‌హీట్” అన్న మాట కనబడకుండానే పడిపోతుంది.

మన ఊళ్ళో ఇంకో నమ్మకం ఉంది, ఉక్కపోత వల్ల సిస్టం వేడెక్కుతుందని. ఉక్కపోత మనకే గాని హీట్‌సింక్‌కి లేదు. మనకి చెమట ఆరదు కాబట్టి ఇబ్బంది. అల్యూమినియం రెక్కలకి 34 డిగ్రీల పొడిగాలీ 34 డిగ్రీల తడిగాలీ ఇంచుమించు ఒకటే. తేమ చేసే అపకారం వేరే ఉంది. లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు వైపు ఇళ్ళలో కిటికీ గ్రిల్లు ఎంత తొందరగా తుప్పు పడుతుందో తెలుసు కదా, ఆ ఉప్పుగాలే క్యాబినెట్‌లోకీ వెళ్తుంది. స్క్రూలు, పోర్టుల రేకులు, ఫ్యాను గ్రిల్లు ముందు చెబుతాయి. దుమ్ముతో కలిసి అంటుకున్న ఉప్పుపొర తేమ పీల్చుకుని స్లాటు కాంటాక్టుల దగ్గర కూర్చుంటుంది. బీచ్‌కి దగ్గరలో ఉన్నవాళ్ళు ఆర్నెల్లకోసారి క్యాబినెట్ తెరిచి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీసి, ర్యామ్, గ్రాఫిక్ కార్డు ఒకసారి పీకి పెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే

“నేను అసలు ఓవర్‌క్లాకే చేయలేదు, ఎక్స్‌ఎంపీ మాత్రం ఆన్ చేశాను” అనేవాళ్ళు చాలామంది. బోర్డు సెట్టింగుల్లో (బయోస్‌లో) ర్యామ్‌ని పెట్టె మీది వేగానికి తెచ్చే మీట ఎక్స్‌ఎంపీ. అదయినా, ప్రాసెసర్లు చేసే ఏఎండీ వాళ్ళ ఎక్స్‌పో అయినా ఓవర్‌క్లాకే. పెట్టె మీద 3600 అని రాసి ఉంటే, అది ఆ స్టిక్కు తయారుచేసినవాళ్ళ హామీ. ర్యామ్‌ని నడిపే కంట్రోలరు ప్రాసెసరులో ఉంటుంది, దానికి ఆ హామీతో సంబంధం లేదు. రైజన్ 5 5600ఎక్స్ ప్రాసెసరుకి ఏఎండీ అధికారికంగా చెప్పింది డీడీఆర్4 3200 వరకే. రైజన్ 7000 వరసకి రెండు స్టిక్కులతో డీడీఆర్5 5200. నాలుగు స్టిక్కులు పెడితే 3600కి దిగిపోతుంది. మొదట 16 జీబీ జత కొని, ఏడాది తర్వాత ఆఫర్లో ఇంకో జత తెచ్చి పెట్టి, పాత ఎక్స్‌ఎంపీనే ఉంచేసినవాళ్ళ దగ్గర క్రాష్‌లు ఎందుకు మొదలవుతాయో ఈ ఒక్క అంకె చెబుతుంది. పైగా డీడీఆర్4ని 1.2 వోల్టుల నుంచి 1.35కి పెంచేది కూడా ఎక్స్‌ఎంపీయే. ఆ వేడి కూడా లెక్కలోకి రావాలి.

ఇంకోటి, వోల్టేజి తగ్గించడం. “నేను పెంచలేదు, అండర్‌వోల్ట్ చేశాను, చల్లగా ఉంటుంది” అంటారు. అది కూడా అంచు మీద నడకే. వోల్టేజి తగ్గించే ఏఎండీ సెట్టింగు కర్వ్ ఆప్టిమైజరులో అన్ని కోర్లకీ (ప్రాసెసరులో విడివిడిగా పనిచేసే భాగాలకీ) మైనస్ 30 పెట్టిన 5600ఎక్స్ ప్రైమ్95 అనే బరువు పరీక్ష రోజంతా నడిపి, వీడియో పాజ్ చేసి టీకి లేస్తే రీస్టార్ట్ అవుతుంది. బరువు పనిలో నిలబడి ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతోందంటే హార్డ్‌వేర్ పాడయిందనుకుంటారు. కారణం తిరగేసి ఆలోచించాలి. ఆరు కోర్లూ పనిచేస్తుంటే వేగం తగ్గి ఉంటుంది, ఆ వేగానికి ఆ వోల్టేజి చాలు. చిన్న పనికి ఒక్క కోర్ లేచి 4.6 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరినప్పుడు, మనం కోసేసిన ఆ కాస్త వోల్టేజే తక్కువ పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి కోర్‌సైక్లర్ ఉంది, ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షిస్తుంది. ఒక రాత్రి వదిలేస్తే ఏ కోర్ నిలవడం లేదో చెబుతుంది, దానికొక్కదానికే మైనస్ 30ని మైనస్ 20 చేస్తే సరిపోవచ్చు.

రబ్బరుతో రుద్దితే బాగైన ర్యామ్

రిపేరు షాపుల్లో తరచూ కనబడే దృశ్యం ఇది. క్రాష్ అవుతున్న సిస్టం తెస్తారు. షాపు కుర్రాడు ర్యామ్ పీకి, పసుపు కాంటాక్టులని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టి, మళ్ళీ బిగిస్తాడు. ఆన్ చేస్తే చక్కగా నడుస్తుంది. “ర్యామ్‌కి కార్బన్ పట్టిందండీ” అంటాడు. ఇంటికి తెచ్చుకున్నాక నెలరోజులు ఏ బాధా ఉండదు.

ఆ రోజు బల్ల మీద మూడు పనులు జరిగాయి. కాంటాక్టులు శుభ్రపడ్డాయి. ర్యామ్ స్లాట్లో సరిగ్గా కూర్చుంది, బోర్డు దానితో నడిచే లెక్కలు మళ్ళీ సరిచూసుకుంది (ట్రైనింగ్ అంటారు). బ్యాటరీ తీయడంతో బయోస్ మొత్తం డిఫాల్ట్‌కి వెళ్ళి ఎక్స్‌ఎంపీ ఆరిపోయింది. ఈ మూడింట్లో ఏది నయం చేసిందో అక్కడున్న ఎవరికీ తెలియదు, పేరు మాత్రం రబ్బరుకి వచ్చింది. నెల తర్వాత టాస్క్ మేనేజరులో ర్యామ్ 2400 అని కనబడి, “అయ్యో, ఎక్స్‌ఎంపీ పోయిందే” అని మళ్ళీ ఆన్ చేస్తారు. క్రాష్‌లు తిరిగొస్తాయి. “మళ్ళీ కార్బన్ పట్టింది” అనుకుంటారు.

ఆ కుర్రాడి పనితనాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రుద్దడం వల్ల నిజంగా బాగయ్యే ర్యామ్‌లు మన ఉప్పుగాలికి ఉంటాయి. అయితే రబ్బరు ఆ పల్చటి బంగారుపూతని అరగదీస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ చాలు. మూడు పనులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదన్నది మాత్రం ఎప్పటికీ మరిచిపోకూడదు. ఒకటి మార్చి, ఆగి, చూడాలి.

యంత్రం రాసిపెట్టిన చీటీ

అదంతా మొదలుపెట్టే ముందు విండోస్ ఏం రాసిందో చదవాలి. సిస్టం ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్ళి “ఆటోమేటిక్‌గా రీస్టార్ట్” టిక్కు తీసేయండి, నీలం తెర నిలబడుతుంది, కోడ్ ఫోటో తీసుకోవచ్చు. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయరులో విండోస్ లాగ్స్ కింద సిస్టం తెరిస్తే కెర్నెల్-పవర్ 41 కనబడుతుంది. అది చూసి చాలామంది “పవర్ అంటే ఎస్‌ఎంపీఎస్” అని తేల్చేస్తారు. ఆ ఈవెంట్ చెప్పేది ఒక్కటే, క్రితంసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్, అంటే నీలం తెర నంబరు, చూడాలి. సున్నా ఉంటే విండోస్‌కి ఏదీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు: కరెంటు తెగింది, లేదా యంత్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. 292 ఉంటే అది దశాంశంలో, హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) 124, హార్డ్‌వేర్ ఎర్రరు. 257 అంటే హెక్సాలో 101, ఏదో ఒక కోర్ పలకలేదు. వోల్టేజి చాలని ప్రాసెసరులో తరచూ వచ్చేది. 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్, ముందు ర్యామ్‌ని అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కో కోడ్, సంబంధం లేని ఒక్కో డ్రైవరు పేరు వస్తుంటే డ్రైవర్లని వదిలేసి ర్యామ్ వైపు తిరగండి.

పక్కనే హార్డ్‌వేర్ తప్పులు రాసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ ఈవెంట్లు వెతకాలి. 18 అంటే ప్రాణం తీసిన ఎర్రరు. అందులో తరచూ క్యాష్ హైరార్కీ ఎర్రరు (ప్రాసెసరు లోపలి చిన్న మెమరీ తప్పు), దాని కింద ఏ కోర్‌దో చెప్పే ఏపీఐసీ ఐడీ ఉంటుంది. 5600ఎక్స్‌లో ఒక్కో కోర్‌కి రెండేసి ఐడీలు కాబట్టి 4 గాని 5 గాని కనబడితే సున్నా నుంచి లెక్కపెట్టి 2వ కోర్. ఎప్పుడూ అదే కోర్ వస్తుంటే దొంగ దొరికినట్టే. 19 అంటే సరిదిద్దుకున్న ఎర్రరు. క్రాష్ కాకుండానే రోజుకి పదులకొద్దీ 19లు పడుతున్నాయంటే ఆ సిస్టం నిలకడగా లేదు, ఇంకా పడలేదంతే. గ్రాఫిక్ కార్డుదైతే డిస్‌ప్లే 4101 కనబడుతుంది, డ్రైవరు ఆగి మళ్ళీ లేచిందని. అప్పుడు కార్డు మీద పెంచినవన్నీ తీసేసి, కంపెనీ ఓవర్‌క్లాక్ కార్డయితే ఇంకో 50 మెగాహెర్ట్జ్ కిందికి దింపి చూడాలి.

ఏ లాగ్‌లోనూ కనబడని గుర్తు ఒకటుంది. పది జీబీ జిప్ ఫైలు విప్పుతుంటే ఒకసారి సీఆర్‌సీ ఎర్రరు (ఫైలుని సరిచూసే లెక్క కుదరలేదని) వచ్చి, రెండోసారి అదే ఫైలు చక్కగా విప్పుకుంటే, డౌన్‌లోడ్ పాడవలేదు. చదివిన ర్యామో, లెక్క కట్టిన కోరో తప్పు చేసింది. ఈ గుర్తు కనబడ్డాక ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఇంటి ఫోటోలు అదే తప్పుడు ర్యామ్ గుండా డిస్కుకి వెళ్తున్నాయి, చెడిన ఫైలు చెడినట్టు ఎవరూ చెప్పరు. ముందు బయోస్ డిఫాల్ట్‌కి వెళ్ళి, ఆ తర్వాత బ్యాకప్ తీయాలి. డిఫాల్ట్‌కి వెళ్ళకుండా బయోస్ అప్‌డేట్ చేయొద్దు, విండోస్ కూడా ఎక్కించొద్దు. చెడ్డ ర్యామ్ మీద ఎక్కించిన విండోస్ పుట్టుకతోనే చెడి ఉంటుంది.

ఎన్నాళ్ళు చూడాలి

డిఫాల్ట్ అంటే నిజంగా డిఫాల్ట్. ముందు బయోస్ పేజీలన్నీ ఫోనుతో ఫోటోలు తీసుకోండి, తర్వాత ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ లోడ్ చేయండి. కొన్ని బోర్డుల్లో డిఫాల్ట్ అన్నా ప్రాసెసరుని హద్దు దాటించే మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ “ఆటో”లో ఉండిపోతుంది, దాన్ని కూడా ఆపాలి. గ్రాఫిక్ కార్డు వేగం పెంచే ఆఫ్టర్‌బర్నర్ విండోస్‌తో పాటు మొదలవుతుంటే ఆ టిక్కు తీయాలి.

ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. సగటున మూడు రోజులకోసారి పడే సిస్టంని డిఫాల్ట్‌లో మూడు రోజులు నడిపి, పడలేదు కాబట్టి తేలిపోయిందంటారు. లెక్క చూడండి. మూడు రోజులకోసారి పడే యంత్రం, ఏమీ బాగుపడకపోయినా, మూడు రోజులు పడకుండా ఉండే అవకాశం 37 శాతం. ఆరు రోజులైతే 14, తొమ్మిది రోజులైతే 5 శాతం. అందుకని క్రాష్‌కీ క్రాష్‌కీ మధ్య వ్యవధికి మూడు రెట్లు ఆగాలి. అది కూడా ఎండల్లోనే. వాన పడి చల్లబడిన వారం లెక్కలోకి తీసుకోకండి. వెనక క్రాష్‌లు ఏ తేదీల్లో వచ్చాయో విండోస్‌లోని రిలయబిలిటీ మానిటరులో దొరుకుతాయి.

డిఫాల్ట్‌లో నిలబడితే, ప్రాసెసరుని ముట్టుకోకుండా ముందు ర్యామ్ ఒక్కదాన్ని ఎక్స్‌ఎంపీకి తేవాలి. అది నిలిస్తే మళ్ళీ దించేసి, ప్రాసెసరు ఒక్కదాన్ని. ఆ తర్వాతే రెండూ కలిపి. విడివిడిగా నిలిచి, కలిపితే పడేవి ఉంటాయి. ర్యామ్‌ని నడిపే కంట్రోలరూ కోర్లూ ఒకే ప్రాసెసరులో, ఒకే వేడిలో ఉన్నాయి.

డిఫాల్ట్‌లోనూ పడితే

నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు. ఓవర్‌క్లాక్ చేయనివాళ్ళ దగ్గర కూడా అవి పడిపోయాయి. ఆట మొదలయ్యేటప్పుడు షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) విప్పుకుంటూ “వీడియో మెమరీ చాలదు” అనే తప్పుడు సందేశంతో ఆగిపోయేవి. చిప్పుకి అవసరానికి మించి వోల్టేజి వెళ్ళి, అది నిలబడటానికి కావలసిన కనీస వోల్టేజి పెరిగిపోయిందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మైక్రోకోడ్ సవరణలు (ప్రాసెసరు లోపలి ప్రోగ్రాముకి, బయోస్‌తో వచ్చేవి) ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే చెడిన చిప్పుని ఆ సవరణ బాగుచేయదు. ఆ ప్రాసెసరు ఉండి డిఫాల్ట్‌లో కూడా పడుతుంటే బయోస్ తాజాదా కాదా చూసి, కాకపోతే వేసి, అప్పటికీ తగ్గకపోతే వారంటీకి పంపాలి. అయితే ఈ ఉదంతం నా మాటకే ఇంకో బలం కూడా. ఆ చిప్పులూ మొదటి నెలల్లో చక్కగానే నడిచాయి. సిలికాన్ అరుగుతుంది, ఎక్కువ వోల్టేజి, ఎక్కువ వేడి ఉంటే తొందరగా అరుగుతుంది. నిరుడు చాలిన 1.28 వోల్టులు ఈ ఏడు చాలకపోవచ్చు.

రెండోది కరెంటు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 600 వీఏ యూపీఎస్, దాని అసలు సత్తా 360 వాట్లు. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసరు, మధ్యరకం గ్రాఫిక్ కార్డు, మానిటరు కలిస్తే ఆటలో అక్కడికి చేరతాయి. సాయంత్రం ఫ్రిజ్జో మోటారో అందుకోగానే వోల్టేజి కుంగుతుంది, యూపీఎస్ “టక్”మని బ్యాటరీకి మారుతుంది, భారం మోయలేక ఆపేస్తుంది. లాగ్‌లో 41, బగ్‌చెక్ సున్నా. ఆ క్షణాన టక్ వినబడిందా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. కొన్నాళ్ళు నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి చూస్తే తేలిపోతుంది. గ్రాఫిక్ కార్డుకి రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లుంటే ఒకే వైరు కొసల్ని రెండింటికీ పెట్టకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరు వైర్లు తీసుకోవాలి. భారం మీద 12 వోల్టుల లైను 11.4కి కిందికి పోతుంటే మాత్రం ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అంకె ఒక్కదాన్నే నమ్మకుండా మల్టీమీటరుతో చూడాలి. క్యాబినెట్ తాకితే చేతికి జుమ్మంటుంటే ముందు ఎర్తింగ్ చూపించండి.

రెండూ కాకపోతే ర్యామ్ స్టిక్కు ఒక్కొక్కటే, ప్రాసెసరు నుంచి రెండో స్లాటులో పెట్టి నడపాలి. ఒకదానితో పడి ఇంకోదానితో పడకపోతే దొరికినట్టే.

తిరిగి పెంచుకోవడం

ఓవర్‌క్లాక్ మానేయమని నేననను. ఉన్న డబ్బులో కొన్న యంత్రం నుంచి ఇంకో పది శాతం పిండుకోవడం ఈ ఊరి కుర్రాళ్ళకి సరదా ఒక్కటే కాదు, అవసరం కూడా. పెంచిన చోటు నుంచి ఒక మెట్టు దిగి కూర్చోమంటాను. 4.7 దగ్గర నిలిస్తే 4.6లో వాడుకోవాలి. టీఆర్‌ఈఎఫ్‌ఐ 65535 నిలిచినా సగానికి దించాలి. వేగంలో తేడా పెద్దగా కనబడదు, ర్యామ్ మీద ఒక చిన్న ఫ్యాను తిప్పినా ఎనిమిది పది డిగ్రీలు కలిసొస్తాయి.

చివరి పరీక్ష మే నెల మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. ఏసీ ఆపి, తలుపు వేసి, గోడకి ఒక థర్మామీటరు తగిలించి, టెస్ట్‌మెమ్5తో పాటు గ్రాఫిక్ కార్డు భారం రెండు గంటలు. తర్వాత ప్రాసెసరునీ ర్యామ్‌నీ కలిపి పరీక్షించే వై-క్రంచర్ ఒక గంట. ఆ రాత్రికి కోర్‌సైక్లర్. తేదీ, గది వేడి, ర్యామ్ ఎక్కిన గరిష్ఠ వేడి, డబ్ల్యూహెచ్‌ఈఏ 19లు ఎన్ని పడ్డాయన్నది ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క రేకుకి లోపలివైపు అంటించండి. వచ్చే ఏడు క్రాష్ వచ్చి ఆ రేకు విప్పినప్పుడు మొదట కనబడేది ఆ కాగితమే కావాలి.